పిల్లల నరాల గడ్డలూ ‘ఇమ్యూనిటీ’ నమ్మకమూ

ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడే క్యాన్సర్ తలెత్తుతుందనీ, ఆ శక్తిని పెంచితే క్యాన్సర్ దానంతటదే లొంగుతుందనీ ఒక నమ్మకం మన సమాజంలో బాగా వేళ్లూనుకుంది. కోవిడ్ తర్వాత అది మరీ బలపడింది. పత్రికల ఆరోగ్య పేజీలు, టీవీ చర్చలు, మందుల షాపుల్లో అంటించిన ప్రకటనలు అన్నీ ఒకటే కథ చెబుతాయి. తెల్ల రక్తకణాలు సైనికులు, క్యాన్సర్ కణం శత్రువు, సైన్యం బలంగా ఉంటే శత్రువు బతకడు. దీన్ని చదువులేనివాళ్ల అపోహ అని తీసిపారేయడానికి వీల్లేదు. దీని వెనక పెద్ద వైద్య సంప్రదాయమే ఉంది. 1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ గడ్డల్లోకి బ్యాక్టీరియా ఎక్కించి, జ్వరం తెప్పించి, వాటిని కరిగించాలని చూశాడు. శరీరంలో పుట్టుకొచ్చే క్యాన్సర్ కణాలను రోగనిరోధక వ్యవస్థే ఎప్పటికప్పుడు ఏరివేస్తోందని 1909లో పాల్ ఎర్లిక్ ప్రతిపాదించాడు. 1950ల్లో మాక్‌ఫర్లేన్ బర్నెట్, లూయిస్ థామస్ ఆ ఊహను రోగనిరోధక నిఘా సిద్ధాంతంగా నిలబెట్టారు. 2018లో జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ బహుమతి వచ్చింది కూడా టీ కణాలనే తెల్ల రక్తకణాలకు పడిన పగ్గాలు విప్పి క్యాన్సర్ మీదికి వదిలే పద్ధతికి దారి వేసినందుకే. ఇంత చరిత్ర ఉన్న అభిప్రాయాన్ని నేను మొత్తంగా తోసిపుచ్చడం లేదు. పెద్దవాళ్లకు వచ్చే మెలనోమాలో, కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో అది రుజువైంది. దాన్ని తెచ్చి పసిపిల్లల నరాల గడ్డలకు అంటగట్టడమే తప్పని నా వాదన. ఆ గడ్డల్లోకి చేరిన రోగనిరోధక కణాలు చాలా సందర్భాల్లో గడ్డను సాకుతున్నాయి. ఒకచోటనైతే అవి లేకపోతే గడ్డ నిలదొక్కుకోవడమే లేదు.

ముందు ఆ గడ్డలేమిటో చెప్పుకోవాలి. మొదటిది న్యూరోబ్లాస్టోమా. గర్భంలో శిశువు నాడీ వ్యవస్థ ఏర్పడేటప్పుడు పూర్తిగా ఎదగకుండా మిగిలిపోయిన కణాల నుంచి, చాలామందిలో మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలో, ఇది పుడుతుంది. ఏడాదిలోపు పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే ఎక్కువ. మిగతా రెండూ న్యూరోఫైబ్రోమటోసిస్-1 అనే జన్యువ్యాధి ఉన్న పిల్లల్లో కనిపిస్తాయి. సుమారు 3,000 మంది శిశువుల్లో ఒకరు ఈ వ్యాధితో పుడతారు. 17వ క్రోమోజోమ్ మీద ఉండే ఎన్‌ఎఫ్-1 జన్యువు చెడిపోవడం దీనికి మూలం. ఈ పిల్లల్లో దాదాపు 15 శాతం మందికి, ఎక్కువగా ఏడేళ్లలోపు, కంటి నరం మీద గ్లయోమా అనే గడ్డ పెరుగుతుంది. అది చూపును మెల్లగా హరిస్తుంది. మరికొందరిలో ఒంటి లోపలి నరాల పొడవునా తీగలా అల్లుకుపోయే ప్లెక్సిఫామ్ న్యూరోఫైబ్రోమా వస్తుంది. శ్వాసనాళం పక్కనో వెన్నెముక పక్కనో అది పెరిగితే ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మూడింటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. ఇవి ఏళ్ల తరబడి పొగాకు వల్లో ఎండ వల్లో జన్యువులు చెడి వచ్చిన రోగాలు కావు. ఎదుగుదల దశలో ఒకటి రెండు చోట్ల దారి తప్పినందువల్ల వచ్చినవి. ఈ తేడాను పట్టించుకోకపోవడం దగ్గరే సైనికుల కథ తప్పుదారి పడుతుంది.

టీ కణం దేన్నయినా శత్రువుగా గుర్తించాలంటే దాని ఒంటి మీద పరాయి గుర్తు ఏదో కనబడాలి. పొగతాగేవాడి ఊపిరితిత్తుల గడ్డలో వందల కొద్దీ మ్యుటేషన్లు ఉంటాయి గనక అలాంటి గుర్తులకు కొరత లేదు. పిల్లల గడ్డల్లో మ్యుటేషన్లు బహు స్వల్పం. పైగా న్యూరోబ్లాస్టోమా కణాలు తమ లోపలి ప్రొటీన్ ముక్కలను టీ కణానికి చూపించే ఎంహెచ్‌సీ అణువులను బాగా తగ్గించుకుంటాయి. చూడ్డానికి గుర్తు లేదు, ఉన్న కాస్తా చూపించే ఏర్పాటూ లేదు. అందుకే పెద్దవాళ్లలో అద్భుతాలు చేసిన మందులు ఇక్కడ చతికిలపడ్డాయి. టీ కణాల పగ్గాలు విప్పే పెంబ్రోలిజుమాబ్‌ను పిల్లల మీద పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్న 15 మందిలో 9 మందికి గడ్డ తగ్గింది. ఇతర గడ్డలున్న 136 మందిలో తగ్గింది 8 మందికే. నివోలుమాబ్ విషయంలోనూ అంతే, పిల్లల సాధారణ ఘన కణితుల మీద ఒక్కటిగా వాడితే చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. సైన్యానికి పగ్గాలు విప్పితే చాలని నమ్మేవాళ్లు ముందు ఈ అంకెలకు జవాబు చెప్పాలి.

టీ కణాలు గడ్డను పట్టించుకోకుండా ఊరుకున్నాయి అంతే కదా, సాయం చేశాయనడం ఎందుకని అడగవచ్చు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ గట్‌మన్ బృందం ఇరవై ఏళ్లుగా చేస్తున్న పరిశోధన ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. వాళ్లు ఎన్‌ఎఫ్-1 లోపం ఉన్న ఎలుకల కంటి నరంలో వచ్చే గ్లయోమా నుంచి మూలకణాలు తీసి వేరే ఎలుకల్లోకి ఎక్కించారు. సైనికుల కథే నిజమైతే, రోగనిరోధక వ్యవస్థ చక్కగా ఉన్న ఎలుకలో గడ్డ చావాలి, థైమస్ లేక టీ కణాలు కరువైన ఎలుకలో విచ్చలవిడిగా పెరగాలి. జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. మామూలు ఎలుకల్లో గడ్డ కట్టింది. టీ కణాలు లేని ఎలుకల్లో అది నాటుకోనే లేదు. 2018లో వెలువడిన ఈ అధ్యయనం కారణాన్ని కూడా పట్టుకుంది. టీ కణాల సాంగత్యం లేకపోతే మెదడులోని మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు సీసీఎల్5 అనే రసాయనాన్ని సరిగా తయారు చేయలేవు. గడ్డ బతకడానికి ఆ రసాయనం కావాలి. అలాంటి మైక్రోగ్లియాను టీ కణాల ప్రభావంలో ఉంచగానే వాటికి ఆ శక్తి తిరిగి వచ్చింది. 2020లో అదే బృందం గొలుసులోని మొదటి లంకెను కూడా చూపింది. ఎన్‌ఎఫ్-1 లోపం ఉన్న నాడీకణాలు మిడ్‌కైన్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. అది సీడీ8 టీ కణాలను మేల్కొలుపుతుంది. అవి సీసీఎల్4ను వదిలి మైక్రోగ్లియాను కదిలిస్తాయి, మైక్రోగ్లియా సీసీఎల్5తో గడ్డను పోషిస్తుంది. సీడీ8 కణాలంటే పాఠ్యపుస్తకాల్లో క్యాన్సర్‌ను చంపే కణాలుగా మనం చదువుకున్నవే. నాడీకణం నుంచి టీ కణానికి, అక్కడి నుంచి మైక్రోగ్లియాకు, చివరికి గడ్డకు నడిచే ఈ వరసలో ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ నిద్రపోలేదు. అందరూ పని చేస్తూనే ఉన్నారు, ఆ పని ఫలం గడ్డకు అందుతోంది.

ఇది విడ్డూరంగా తోస్తే, రోగనిరోధక కణాలకు చంపడమొకటే పని అనే పొరపాటు ఊహే అందుకు కారణం. మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల రోజువారీ పని చాలావరకు శుభ్రం చేయడం, మరమ్మతు చేయడం. గర్భస్థ శిశువు మెదడులోకి మైక్రోగ్లియా చాలా ముందుగానే చేరుతుంది. అక్కర్లేని నాడీ బంధాలను కత్తిరిస్తుంది, అక్కరకొచ్చే కణాలకు పోషక పదార్థాలు అందిస్తుంది. చేతి నరం తెగితే మాక్రోఫేజ్‌లు అక్కడికి చేరి పాడైన మైలిన్ పొరను తొలగిస్తాయి. నరాలకు తొడుగు కట్టే ష్వాన్ కణాలు విభజన చెంది కొత్త నరానికి దారి వేయడానికి తోడ్పడతాయి. పసితనంలో నాడీ వ్యవస్థ ఇంకా ఎదుగుతూనే ఉంటుంది గనక ఈ పెంపకపు పని అప్పుడు మరీ ఎక్కువ. అలాంటిచోట పుట్టిన గడ్డ కొత్తగా ఏ సైన్యాన్నీ వంచించనక్కర్లేదు. గాయానికి అందే సేవ దానికీ అందుతుంది. హెరాల్డ్ డ్వోరాక్ 1986లో గడ్డలను మానని గాయాలతో పోల్చాడు. ఆ పోలిక నరాల గడ్డలకు సరిపోయినంతగా మరి దేనికీ సరిపోదని నా అభిప్రాయం. న్యూరోఫైబ్రోమాను సూక్ష్మదర్శినిలో చూస్తే తెగిన నరంలో కనిపించే పాత్రలే కనిపిస్తాయి. ష్వాన్ కణాలు, మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు, కొల్లాజెన్. తేడా ఒక్కటే. గాయం మానాక వెళ్లిపోవలసినవాళ్లు ఇక్కడ వెళ్లిపోవడం లేదు.

ప్లెక్సిఫామ్ న్యూరోఫైబ్రోమా చరిత్రను కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే నా వాదనకు బలం, ఆ వాదన హద్దు రెండూ అందులోనే ఉన్నాయి. 2002లో డల్లాస్‌లో లూయీ పరాడా బృందం ఎలుకల్లో ష్వాన్ కణాల నుంచి ఎన్‌ఎఫ్-1 జన్యువును పూర్తిగా తీసేసింది. చుట్టూ ఉన్న కణాలన్నీ మామూలువైతే గడ్డలు సరిగా ఏర్పడలేదు. చుట్టుపక్కల కణాల్లో కూడా ఆ జన్యువు ఒక నకలు లేకపోతేనే అసలు గడ్డలు కట్టాయి, వాటిలో మాస్ట్ కణాలు గుంపులుగా కనిపించాయి. ఎలర్జీలో తుమ్ములూ దురదా తెప్పించే కణాలే ఇవి. జన్యువు పోగొట్టుకున్న ష్వాన్ కణాలు ఒక రసాయన సంకేతంతో వాటిని పిలుస్తున్నాయని ఇండియానా విశ్వవిద్యాలయంలో వేడ్ క్లాప్, ఫెంగ్-చున్ యాంగ్‌ల బృందం తేల్చింది. 2008లో వాళ్లే ఎముక మూలుగ మార్పిడితో నిర్ణయాత్మకమైన ప్రయోగం చేశారు. గడ్డ రాని ఎలుకలకు ఒక నకలు లోపించిన మూలుగ ఎక్కిస్తే గడ్డలొచ్చాయి. గడ్డ రావలసిన ఎలుకలకు మామూలు మూలుగ ఎక్కిస్తే రాలేదు. మూలుగలో పుట్టేవి రక్తకణాలు, రోగనిరోధక కణాలు. అంటే ఆ ఎలుకల్లో గడ్డ కట్టేదీ లేనిదీ నిర్ణయించింది మూలుగ నుంచి వచ్చిన కణాలే. మాస్ట్ కణాలు ఆధారపడే సి-కిట్‌ను అడ్డుకునే ఇమాటినిబ్‌ను, శ్వాసనాళం నొక్కుకుపోతున్న ఒక చిన్నారికి ఇవ్వగా గడ్డ చాలావరకు కుంచించుకుపోయిన సంగతి కూడా ఆ పత్రంలోనే ఉంది.

కానీ ఆ మందును మరింతమందికి ఇచ్చి చూసినప్పుడు ఫలితం అంత గొప్పగా లేదు. 2012లో ప్రచురించిన పరీక్షలో చేరినవాళ్లు 36 మంది. ఫలితాన్ని అంచనా వేయగలిగిన 23 మందిలో ఆరుగురికి మాత్రమే ఏదో ఒక గడ్డ 20 శాతం లేదా అంతకుమించి తగ్గింది. 2018లో వేరొక బృందం ఎలుకల్లో మాస్ట్ కణాలు గడ్డలోకి రాకుండా చేసి చూసింది, గడ్డ పెరుగుదల కొద్దిగానే మారింది. మాస్ట్ కణాలున్నా లేకున్నా మాక్రోఫేజ్‌లు మాత్రం ఆ గడ్డల నిండా ఉన్నాయి. ప్రత్యర్థులు దీన్ని నా మీద అస్త్రంగా వాడతారని తెలుసు. రోగనిరోధక కణాలే పోషకులైతే వాటిని ఆపగానే గడ్డ ఎందుకు పోలేదని అడుగుతారు. పోషకులు ఒక్క జాతి కాదు గనక. సిన్సినాటిలో నాన్సీ రాట్నర్ బృందం 2013లో లెక్కవేస్తే న్యూరోఫైబ్రోమాలో దాదాపు సగం కణాలు మాక్రోఫేజ్‌లని తేలింది. గడ్డలో సగభాగం మన సొంత రోగనిరోధక కణాలే అయినప్పుడు దాన్ని సైన్యం అందని చోటు అని ఎలా అనగలం? ఒక రకాన్ని తీసేస్తే మరో రకం ఆ పనిని మోస్తూనే ఉంది. ఇమాటినిబ్ పరీక్ష నుంచి నేర్చుకోవలసింది ఇదీ.

న్యూరోబ్లాస్టోమాలో ఈ సాక్ష్యం నేరుగా పిల్లల కణితుల నుంచే వచ్చింది. లాస్ ఏంజెలెస్ చిల్డ్రన్స్ హాస్పిటల్ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకేచోట ఉండిపోయిన గడ్డల్లో కన్నా ఒళ్లంతా పాకిన గడ్డల్లో మాక్రోఫేజ్‌లు ఎక్కువగా ఉన్నాయని తేలింది. పాకిన వ్యాధి ఉన్నవాళ్లలోనూ, 18 నెలలు దాటిన పిల్లల గడ్డల్లో వాపుకు సంబంధించిన జన్యువుల చురుకుదనం ఎక్కువ. ఫలితాలు అధ్వానంగా ఉండేది కూడా ఆ వయసు పిల్లల్లోనే. ఇంకొక పరిశోధన 2009లోనే దారి చూపింది. ఎన్‌కేటీ అనే అరుదైన రోగనిరోధక కణాలు న్యూరోబ్లాస్టోమా కణాలను గుర్తుపట్టలేవు. అయినా అవి గడ్డను అదుపు చేస్తాయి. ఎలాగంటే, గడ్డకు ఐఎల్-6 అనే ఎదుగుదల సంకేతాన్ని అందించే మాక్రోఫేజ్‌లను అవి చంపుతాయి. ఒక రోగనిరోధక కణం మరో రోగనిరోధక కణాన్ని చంపితే గడ్డ తగ్గింది. ఈ వాస్తవాన్ని మంచి సైన్యం, చెడ్డ శత్రువు అనే కథలో ఎక్కడ కూర్చోబెడతాం?

ఇందులో చాలావరకు ఎలుకల శాస్త్రమనే అభ్యంతరం ఉంది, అది గౌరవించదగ్గదే. ఎలుకలో నయమైనది పిల్లల్లో నయం కాకపోవడం క్యాన్సర్ వైద్యంలో మామూలే, ఇమాటినిబ్ ఉదంతమే అందుకు సాక్షి. కానీ ఎలుకను నమ్మలేమనేవాళ్లు రెండు వైపులా నమ్మకుండా ఉండాలి. రోగనిరోధక నిఘా సిద్ధాంతానికి నేటి ఆధారాల్లో పెద్ద భాగం ఎలుకల నుంచే వచ్చింది. మనుషుల్లో ఆ సిద్ధాంతానికి గట్టి పరీక్ష పుట్టుకతోనే రోగనిరోధక లోపం ఉన్న పిల్లలు, అవయవ మార్పిడి తర్వాత ఏళ్ల తరబడి ఇమ్యూనిటీని అణిచే మందులు వాడే పిల్లలు. వాళ్లలో క్యాన్సర్లు పెరుగుతాయి, నిజమే. పెరిగేవి ప్రధానంగా లింఫోమాలు, అందులోనూ చాలావరకు వైరస్‌లతో ముడిపడినవి. న్యూరోబ్లాస్టోమా వెల్లువ వాళ్లలో కనిపించలేదు. కాపలా తీసేసినా దొంగ రాలేదంటే, ఆ దొంగను ఇన్నాళ్లూ ఆపింది ఆ కాపలా కాదనే కదా అర్థం. అంతేకాదు, పిల్లల మెదడులో నెమ్మదిగా పెరిగే గ్లయోమాలను రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో పెంచాలని ప్రయోగశాలలు చాలాసార్లు ప్రయత్నించాయి. తరచూ అవి అక్కడ నాటుకోవు. ఆ కణాలు మనిషివే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం డైనుటుక్సిమాబ్. న్యూరోబ్లాస్టోమా కణాల మీద ఉండే జీడీ2 అనే అణువుకు అతుక్కునే యాంటీబాడీ ఇది. 2010లో ప్రచురించిన పరీక్షలో 226 మంది పిల్లలు పాల్గొన్నారు. యాంటీబాడీ, దానికి తోడు రోగనిరోధక కణాలను ఉత్తేజపరిచే మందులు తీసుకున్నవాళ్లలో రెండేళ్ల తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 66 శాతం. ఇవి లేకుండా చికిత్స పొందినవాళ్లలో 46 శాతం. అమెరికా ప్రభుత్వం 2015లో దీన్ని ఆమోదించింది. ఎందరో పిల్లల ప్రాణాలు నిలిపిన మందు ఇది, దాని విలువను తగ్గించే ఉద్దేశం నాకు ఏ మాత్రం లేదు. అయితే ఇది ఎలా పని చేస్తుందో చూడాలి. టీ కణాలు చూడలేని గడ్డ మీద మనిషి తయారుచేసిన గుర్తును అంటించి, సహజ హంతక కణాలకూ కొన్ని తెల్ల కణాలకూ దారి చూపిస్తుంది. కీమోథెరపీ, మూలకణ మార్పిడి ముగిసి, గడ్డ చాలావరకు పోయి, మిగిలిన కాసిని కణాలను ఏరడానికి ఇచ్చిన సందర్భమది. గడ్డ లోపలి మాక్రోఫేజ్‌ల పోషణ అప్పటికి దెబ్బతిని ఉంటుందని అనుకోవచ్చు. ఇమ్యూనిటీని మొత్తంగా ఎంత పెంచితే అంత మేలనే నమ్మకానికి నిజమైన పరీక్ష తర్వాత యూరప్‌లో జరిగింది. అక్కడ 406 మంది పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు యాంటీబాడీ మాత్రమే, మరో గుంపుకు దాంతోపాటు టీ కణాలను పెంచే ఐఎల్-2 ఇచ్చారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం అదనపు ఉత్తేజంతో మనుగడ మెరుగు పడలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. ఐఎల్-2 దాడి చేసే కణాలను పెంచినట్టే, దాడిని ఆపే రెగ్యులేటరీ టీ కణాలను కూడా పెంచుతుంది. గురి వల్ల మేలు జరిగింది, బలం పెంచడం వల్ల జరగలేదు. డైనుటుక్సిమాబ్‌ను ఇమ్యూనిటీ పెంచే వాదానికి సాక్షిగా పిలిచేవాళ్లు ఈ రెండో పరీక్షను కూడా చదవాలి.

తమంతట తాము మాయమయ్యే న్యూరోబ్లాస్టోమాల సంగతి కూడా తరచూ ముందుకొస్తుంది. 1971లో నిర్వచించిన 4ఎస్ అనే దశలో ఏడాదిలోపు శిశువులకు కాలేయానికీ చర్మానికీ మూలుగకూ పాకిన వ్యాధి కూడా కొన్ని నెలల్లో అదృశ్యమవుతుంది. దీన్ని చూసి ఒంటి శక్తే గెలిచిందనడం సులువు. కానీ ఆలోచించండి. మాయమయ్యేది ఎక్కువగా పసికందుల్లో, అంటే రోగనిరోధక వ్యవస్థ ఇంకా పరిపక్వం కానివాళ్లలో. ప్రాణాలు తీసేది రెండు మూడేళ్ల పిల్లల్లో, అంటే ఆ వ్యవస్థ మరింత బలపడినవాళ్లలో. ఇమ్యూనిటీయే కారణమైతే వరస తిరగబడి ఉండాలి. దీనికి మరో సమర్థమైన వివరణ ఉంది. ఆ పసికందుల గడ్డల్లో టీఆర్‌కే-ఏ అనే గ్రాహకం ఎక్కువ. నాడీ పెరుగుదల కారకం అందితే ఆ కణాలు ఎదిగి మామూలు నాడీకణాల్లా స్థిరపడతాయి, అందకపోతే తమంతట తామే చనిపోతాయి. శిశువు నాడీ వ్యవస్థ ఏర్పడేటప్పుడు అదనపు కణాలను వదిలించుకునే సహజ పద్ధతే ఇది. దీని వెనక ఇమ్యూనిటీ పాత్ర అసలే లేదని నేననను. అదే ప్రధానమని చెప్పే ఆధారం మాత్రం లేదు.

నిజంగా రోగనిరోధక వ్యవస్థ న్యూరోబ్లాస్టోమా మీద విరుచుకుపడిన సందర్భం ఒకటుంది. ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో 2-3 శాతం మందికి ఆప్సోక్లోనస్-మయోక్లోనస్ అనే స్థితి వస్తుంది. కళ్లు అదుపు లేకుండా నలుదిక్కులా కదులుతాయి, ఒళ్లు ఉలిక్కిపడుతుంది, నడుస్తున్న బిడ్డ నడవలేకపోతాడు. ఈ పిల్లల గడ్డల్లో లింఫోసైట్లు దట్టంగా ఉంటాయి, క్యాన్సర్ పరంగా వీళ్లలో అత్యధికులు బతుకుతారు. కానీ గడ్డ మీద రేగిన ఆ దాడి మెదడును కూడా తాకుతుంది. ఎందరికో మాట, చదువు, నడక ఏళ్ల తరబడి వెనకబడి ఉంటాయి. వైద్యులు ఈ పిల్లలకు ఇచ్చేవి స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ వంటి ఇమ్యూనిటీని అణిచే మందులు. గడ్డ కణాలకూ మెదడు కణాలకూ పోలికలు ఉన్నాయి గనక ఒకదానిపై చేసే దాడి రెండోదాన్ని వదలదు. ఇమ్యూనిటీని ఎంతైనా పెంచవచ్చని చెప్పేవాళ్లు ఈ బిడ్డల గురించి కూడా చెప్పాలి.

మరైతే ఇమ్యూనిటీని అణిచేస్తే గడ్డ పోతుందా అని ఎవరైనా తిరగేసి అడిగితే, అదీ అంతే తప్పు. రాట్నర్ బృందం మాక్రోఫేజ్‌లను అడ్డుకునే మందును రెండు వయసుల ఎలుకలకు ఇచ్చింది. అప్పటికే గడ్డ ఉన్న ఏడు నెలల ఎలుకల్లో కొన్నిటికి గడ్డ తగ్గింది. గడ్డ కట్టకముందు, ఒకటి నుంచి నాలుగు నెలల వయసులో ఇస్తే గడ్డ ఆగలేదు సరికదా ఇంకా పెద్దదైంది. కణాలు అవే, మందు అదే, కాలం మారితే ఫలితం తలకిందులైంది. గట్‌మన్ బృందం 2021లో ప్రకటించిన మరో ఫలితం ఇంకా ఆసక్తికరం. ఆస్తమా ఉన్న పిల్లల్లో మెదడు గడ్డలు తక్కువన్న పాత పరిశీలనను వాళ్లు పట్టుకున్నారు. ఎన్‌ఎఫ్-1 లోపం ఉన్న ఎలుకలకు చిన్న వయసులో ఆస్తమా తెప్పిస్తే కంటి నరంలో గ్లయోమా ఏర్పడలేదు. ఆస్తమాలో టీ కణాలు డెకోరిన్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి, అది మైక్రోగ్లియాను సీసీఎల్5 తయారు చేయనివ్వదు. గడ్డను పోషించిన టీ కణాలే మరో స్థితిలో ఆ పోషణను ఆపాయి. ఆస్తమా మంచిదని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. కణాల సంఖ్య, ఒంటి బలం అనే కొలతలతో ఈ గడ్డలను అర్థం చేసుకోలేమని మాత్రం ఇది నిస్సందేహంగా చెబుతోంది.

అందుకే తెలుగు కుటుంబాల్లో క్యాన్సర్ ఉన్న బిడ్డకు బంధువులు తెచ్చిపెట్టే పొడులు, కషాయాలు, ‘ఇమ్యూనిటీ బూస్టర్’ సీసాలు నన్ను కలవరపెడతాయి. వాటి వెనక ఉన్న ప్రేమను తప్పుపట్టలేం. అమ్మేవాళ్లు చెప్పే మాటను తప్పుపట్టాలి. పైసా ఖర్చు తప్ప నష్టమేముందనే వాదన కూడా నిలబడదు. తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. కీమోథెరపీ మందుల భారం మోస్తున్న పసి కాలేయానికి తెలియని ఇంకో భారం జోడించడం ఏ లెక్కన సబబు? ఈ పిల్లలకు నిజంగా ఉపయోగపడుతున్న మందులు వేరే దారిలో వచ్చాయి. ప్లెక్సిఫామ్ న్యూరోఫైబ్రోమా ఉన్న 50 మంది పిల్లలకు సెలుమెటినిబ్ ఇస్తే 35 మందికి గడ్డ కనీసం ఐదో వంతు తగ్గింది. అది ఎన్‌ఎఫ్-1 లోపం వల్ల అదుపు తప్పిన రాస్ సంకేత మార్గాన్ని అడ్డుకునే మందు, 2020లో ఆమోదం పొందింది. ఏ ఇమ్యూనిటీ నినాదమూ దాన్ని కనిపెట్టలేదు.

ఈ వాదనను అపార్థం చేసుకుని టీకాలకు భయపడే తల్లిదండ్రులు ఉండవచ్చు గనక ఆ మాట కూడా చెప్పాలి. గడ్డను పోషించే మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లు ఆ గడ్డలో ఏ సంకేతాలు అందుకుంటున్నాయన్నది ఇక్కడి సమస్య. తట్టు టీకా చేతి చర్మం కింద రేపే స్పందన దానికి సంబంధించింది కాదు. న్యూరోఫైబ్రోమటోసిస్ ఉన్న బిడ్డకు అన్ని టీకాలూ సమయానికి వేయించాలి. కీమోథెరపీ నడుస్తున్న బిడ్డకు సజీవ వైరస్ ఉన్న టీకాలు అప్పటికి ఆపి, చికిత్స ముగిశాక ఎప్పుడు వేయాలో ఆంకాలజిస్టు నిర్ణయిస్తారు. ఈలోగా ఆ బిడ్డను తట్టు నుంచి, ఆటలమ్మ నుంచి కాపాడేది ఇంట్లో మిగతా పిల్లలకు వేయించిన టీకాలే.